పలక, పెట్టె, సూది, మట్టి: నలభై దాటాక దేన్ని మళ్లీ పట్టుకోవాలి?

మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి పోయిన నెల ఒక ప్రశ్న వేసింది. "అక్కా, వీణ కొనుక్కోమంటావా, పెయింటింగ్ క్లాసులో చేరమంటావా? చిన్నప్పుడు నాకు రెండూ ఇష్టమే. ఇప్పుడు ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కేలా ఉంది." అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. మాది నెల్లూరులో రొయ్యల మేత అమ్మే డీలరు ఆఫీసు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా చెరువుల రైతులతో ఫోన్లో మాట్లాడటం, బాకీలు గుర్తుచెయ్యడం ఆమె పని. లెక్కలు నా పని.

అప్పటికప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. నాలుగేళ్ల కింద ఇదే ప్రశ్న నేనూ వేసుకున్నాను. తొందరపడి ఇరవై ఎనిమిది వేలు పోసి వీణ కొన్నాను. అది ఇప్పుడు దుప్పటి కప్పుకుని గది మూల నిలబడి ఉంది. ఆ తర్వాత హార్మోనియం, కుంచె, సూది, బంకమట్టి, ముగ్గుపిండి, ఒక్కోటీ పట్టుకుని చూశాను. కొన్ని నిలిచాయి, కొన్ని అటకెక్కాయి. ఆ అమ్మాయికి నోటితో చెబితే సగం మర్చిపోతానని ఇలా రాస్తున్నాను. ఆమెలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకూ పనికొస్తుంది.

మెప్పు వేరు, ఇష్టం వేరు

నేను చేసిన మొదటి తప్పు దుకాణంలో కాదు, జ్ఞాపకంలో జరిగింది. "చిన్నప్పుడు నాకు ఏది ఇష్టం?" అనుకోగానే సింగరాయకొండ పక్క మా ఊరి బడిలో ఆగస్టు పదిహేనుకు పాట పాడి గెలుచుకున్న స్టీలు డబ్బా గుర్తొచ్చింది. డబ్బా మీద నా పేరు కూడా కొట్టించారు. ఇంటికొచ్చిన చుట్టాలందరి ముందూ "పాప పాడుతుంది" అని నిలబెట్టేవాళ్లు. కాబట్టి సంగీతమే నా ఇష్టం అని తీర్మానించేసుకున్నాను.

ఎవరూ చూడనప్పుడు నేను చేసింది మాత్రం వేరు. మార్కాపురం పలక ఒకటి ఉండేది నాకు, ఒక మూల చెక్క ఊడిపోయి. అరుగు మీద కూర్చుని ఆ పలక మీద చెరువూ, చెరువులో దిగిన గేదెలూ, గేదె మీద కొంగా గీసేదాన్ని. దడికి పాకిన కాకిదొండ ఆకు రెండు కోసి నలిపి రుద్దితే పలక నల్లగా నిగనిగలాడేది. చెరిపి మళ్లీ గీయడం. గేదె కాళ్లు ఎప్పుడూ కుదిరేవి కావు. అన్నానికి పిలిస్తే వినపడేది కాదు, వీపు మీద ఒకటి పడేది. చెరిగిపోయే బొమ్మ కాబట్టి దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు, నాక్కూడా అది గుర్తుంచుకోవలసిన సంగతిగా అనిపించలేదు.

కాబట్టి నేను చెప్పే మొదటి సలహా, దేనికి బహుమతి వచ్చిందో కాక దేనికి తిట్లు తిన్నారో గుర్తు చేసుకోండి. బహుమతి కోసం చేసిన పనిలో సగం చూసేవాళ్ల కోసం చేసింది. తిట్లు తింటూ కూడా మానని పని పూర్తిగా మనది.

రెండోది ఇంకా ముఖ్యం. మీరు ఏ రకంగా అలసిపోతున్నారో చూసుకోండి. అలసట అంతా ఒకటి కాదు. నాది అంకెల అలసట, కంప్యూటరు తెర అలసట. మా ఆఫీసు అమ్మాయిది నోటి అలసట, పైగా రోజంతా పరాయివాళ్ల చిరాకు చెవులతో మోసిన అలసట. బడిపంతులమ్మది గొంతు. టైలరుది వేళ్లూ మెడా. మంచాన ఉన్న అత్తగారినో తండ్రినో చూసుకునే మనిషికి తన టైమనేదే ఉండదు, ఐదు నిమిషాలకోసారి లేవాలి. చిన్నప్పటి ఇష్టాలు మూడు నాలుగు ఉంటే, వాటిలో మీ అలసటకు ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకోండి. పొద్దంతా వాడిన అవయవాన్నే సాయంత్రం మళ్లీ వాడమంటే ఎంత ఇష్టమైనా నెల తిరక్కుండా విసుగొస్తుంది.

సంగీతం: వీణ, పెట్టె, వేణువు, ఒట్టి గొంతు

వీణ గురించి అమ్మేవాళ్లు చెప్పని సంగతులు కొన్ని. దానికి 24 మెట్లు, 7 తీగలు. నాలుగు తీగల మీద వాయిస్తాం, పక్కనుండే మూడూ తాళానికి. ఆ ఇత్తడి మెట్లు మేకులతో కొట్టినవి కావు, మసి కలిపిన మైనంలో పాతి ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ నా వీణ మైనం మాత్రం మెత్తబడింది. పడమటి కిటికీ పక్కన పెట్టాను, అదీ నా తెలివి. మే నెలలో ఒక సాయంత్రం వాయించబోతే గాంధారం గాంధారంలా లేదు. మెట్టు ఒకటి పక్కకు ఒరిగింది. మైనం సరిచేసి మెట్లన్నీ మళ్లీ స్వరానికి కూర్చాలి. దాన్ని మేళం కట్టడం అంటారు, అది తెలిసినవాళ్లు ప్రతి వీధిలోనూ దొరకరు. కొన్న దుకాణానికి ఫోన్ చేస్తే "తీసుకురండి మేడం" అన్నారు. దుకాణం చెన్నైలో ఉంది. వీణను ఒళ్లో పెట్టుకుని రైలెక్కడం అయ్యే పనేనా?

సరే, అది నా స్వయంకృతం. వీణకు మంచి గుణాలు లేకపోలేదు. శబ్దం మెత్తన, అపార్టుమెంటులో గోడ అవతలివాళ్లు తలుపు కొట్టరు. ఒక్క తీగ మీటినా ఆ మోత కడుపులోకి దిగుతుంది. కానీ గురువు లేకుండా ముందుకు పోదు. మాయామాళవగౌళ రాగంలో సరళీవరసలు, జంటవరసలు, అలంకారాలు దాటి మలహరి గీతం దాకా రావడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఎడమ చేతి చూపుడువేలు, మధ్యవేలు కాయలు కాశాయి. రోజుకు ముప్పావుగంట అయినా ఇవ్వలేనివాళ్లు, వారానికి రెండుసార్లు గురువు దగ్గరికి పోలేనివాళ్లు వీణ జోలికి పోవద్దు. చిన్నప్పుడు నాలుగైదేళ్లు నేర్చుకుని ఆపేసినవాళ్ల సంగతి వేరు. వేళ్లు మొరాయించినా చెవి మర్చిపోదు, వాళ్లకు రెండు మూడు నెలల్లో తిరిగొస్తుంది.

హార్మోనియం పెట్టె దీనికి పూర్తిగా ఎదురు. కూర్చున్న మొదటి రోజే ఏదో ఒక పాట ముక్క పలుకుతుంది. మా నాన్న పద్య నాటకాల పిచ్చి ఉన్న మనిషి, వేషం ఎప్పుడూ వెయ్యలేదు, పెట్టె మాత్రం వాయించేవాడు. ఒంగోలు వైపు ఆ గాలి పాతదే. టంగుటూరి ప్రకాశం పంతులు కూడా చిన్నతనంలో ఒంగోల్లో ముఖానికి రంగేసుకున్నవారే. పెట్టెను శాస్త్రీయ సంగీతం వాళ్లు కొంచెం చిన్నచూపు చూస్తారు, మెట్టు నొక్కితే ఒకే స్వరం పలుకుతుంది తప్ప స్వరాన్ని ఊపి పలికే గమకం రాదని. ఆకాశవాణి అయితే 1940లో దాన్ని ఏకంగా నిషేధించింది. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. కచేరీ చెయ్యాలనుకునేవాళ్లు ఆ సంగతి ఆలోచించుకోవాలి. సాయంత్రం అరగంట మనసు తేలిక కావాలనుకునేవాళ్లకు గమకం లేకపోతే ఏం పోయింది?

దాని లోపం చప్పుడు. తిత్తి ఊదుతుంటే కింద ఫ్లాటు దాకా వినపడుతుంది. ఇంకో లోపం మన వానాకాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలంలో నెల్లూరు గాలిలో తేమ చెప్పనక్కర్లేదు. మెట్లు ఉబ్బి నొక్కితే పైకి రావు, లోపలి ఇత్తడి రీడ్లు బొంగురుపోతాయి. రెండు రోజులకోసారి మూత తీసి వాయిస్తూ ఉంటే చాలావరకు బాగానే ఉంటుంది. వాయించకుండా దాచితేనే పాడవుతుంది.

వేణువు అన్నిటికన్నా చవక, మూడు నాలుగు వందలకు వెదురుది దొరుకుతుంది. కర్ణాటక పద్ధతి వేణువుకు ఎనిమిది వేలి రంధ్రాలుంటాయి. మొదటి రెండు వారాలు శబ్దమే రాదు, ఒట్టి గాలి. తల తిరుగుతుంది కూడా. అలా తల తిరిగేవాళ్లు రోజుకు పది నిమిషాలకు మించి ఊదకూడదు. ఒకసారి పలికాక మాత్రం ఊపిరి నెమ్మదించడంలో దీన్ని మించింది లేదు. ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టరుని అడిగి మొదలుపెట్టడం మంచిది.

ఇక ఒట్టి గొంతు. దీనికి రూపాయి ఖర్చు లేదు. పాటే పాడాలని లేదు, పద్యం చదవండి. ఈ గడ్డ మీద పుట్టినవాళ్లు పద్యం వదిలేసి ఎక్కడెక్కడో వెతుక్కోవడం నాకు కొంచెం వింతగా ఉంటుంది. తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెనిగించింది నెల్లూరువాడిగానే. మిగిలిపోయిన అరణ్యపర్వ శేషం పూర్తి చేసిన ఎర్రన అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువు కవి. నాలాంటి లెక్కల మనిషికి పద్యంలో ఇంకో సుఖం ఉంది. ఉత్పలమాల అంటే పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. చంపకమాలకు 21, యతి పదకొండో అక్షరం. లెక్క తప్పితే చెవికే తెలిసిపోతుంది, బ్యాలెన్సు షీటు తేలనట్టు. ఎనిమిదో తరగతిలో బట్టీపట్టిన పద్యాలు నాలుకకు అలాగే తిరుగుతున్నాయని తెలిసిన రోజు నాకు ఎందుకో కళ్లు చెమర్చాయి. అయితే రోజంతా మాట్లాడే ఉద్యోగం వాళ్లకు దీన్ని నేను చెప్పను.

తిప్పరాజువారి వీధిలో బాలసుబ్రహ్మణ్యం గారి పాత ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా ఒకటి అనుకుంటాను. ఆయన 2020లో దాన్ని వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. ఇంట్లో రోజూ చెవిన పడిన గానం ఆ పిల్లవాణ్ణి ఎక్కడికి తీసుకెళ్లిందో మనకు తెలుసు. మనల్ని అంత దూరం తీసుకెళ్లదు. అయితే ఏం? ఇంట్లో ఒక మనిషి సాయంత్రం ఏదో వాయించుకుంటూ ఉంటే పక్కన హోంవర్కు చేసుకునే పిల్లల చెవిలో అది ఊరికే పడుతుంది.

బొమ్మలు

బొమ్మలకు తిరిగి రావడం అన్నిటికన్నా తేలిక, నిలబడటం అన్నిటికన్నా కష్టం. ఎందుకంటే చిన్నప్పుడు గేదె కాళ్లు కుదరకపోతే చెరిపేసేదాన్ని. ఇప్పుడు కుదరకపోతే సిగ్గుపడుతున్నాను. చెయ్యి ఐదో తరగతి దగ్గర ఆగిపోయింది, కన్ను మాత్రం నలభై ఏళ్లు ఎదిగింది. ఆ రెంటికీ మధ్య దూరమే మొదటి నెలలో మనల్ని మానిపించేది. పాటలో తప్పు గాలిలో కలిసిపోతుంది, కాగితం మీది తప్పు మనవైపే చూస్తూ కూర్చుంటుంది.

నాకు పనిచేసిన చిట్కా, మళ్లీ పలకే కొనుక్కున్నాను. పిల్లల పలక, పెద్ద సైజుది. రాత్రి పదింటికి గిన్నెలు సర్దాక పది నిమిషాలు బలపంతో గీసి, తడిగుడ్డతో తుడిచేసి పడుకునేదాన్ని. దొండాకు మూడో అంతస్తులో ఎక్కడ దొరుకుతుంది! ఏదీ మిగలదు కాబట్టి ఎవరికీ చూపించాల్సిన పని లేదు. రెండు నెలలకు చెయ్యి భయం తీరి అప్పుడు కాగితం ముట్టుకున్నాను.

కాగితం దగ్గరికొస్తే పెన్సిలా, రంగులా అనేది ప్రశ్న. మొదట పెన్సిలే. 2బి, 4బి రెండు చాలు, దుకాణంలో పన్నెండు పెన్సిళ్ల డబ్బా అంటగడతారు, తీసుకోవద్దు. నీటి రంగులు అంటే అందరికీ మోజు, అవి నిజానికి చాలా పొగరుబోతు రంగులు. తడి ఆరేలోపు చెయ్యి తీసెయ్యాలి, దిద్దబోతే బురద అవుతుంది. ఆఫీసు నుంచి జిరాక్సు కాగితం తెచ్చి దాని మీద వేసి, "నాకు రావడం లేదు" అని ఏడ్చాను ఒక వారం. ఆ కాగితం 75 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు కాగితం 75 గ్రాముల బరువు. నీళ్లు తగలగానే అప్పడంలా ఉబ్బుతుంది. నీటి రంగులకు 300 జీఎస్ఎం కాగితం కావాలి. రంగులు చవకవైనా సర్దుకోవచ్చు, కాగితం దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. నవంబరు ముసురులో పూత ఎంతకూ ఆరదు, కాబట్టి ఆ మూడు నెలలూ నేను రంగు పెన్సిళ్లకు మారిపోతాను. బాధ్యతలున్నవాళ్లకు కూడా రంగు పెన్సిళ్లే మేలు. ఎప్పుడు పిలిచినా కింద పెట్టి లేవొచ్చు, తిరిగొచ్చేసరికి ఏదీ ఎండిపోయి ఉండదు.

బయట కూర్చుని గీసే అలవాటు ఉంటే చలికాలంలో ఒక ఆదివారం దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు పొండి. గూడబాతులు చెట్ల నిండా గూళ్లు పెట్టుకుని ఉంటాయి. పక్షి ఒక్క క్షణం కుదురుగా ఉండదు కాబట్టి పది గీతల్లో అయిపోవాలి, బాగా రావాలనే ఆలోచనకే టైముండదు. నేను వేసిన మొదటి గూడబాతు అచ్చం మరచెంబులా ఉంది. అయినా ఆ కాగితం చింపలేదు.

ఈ బొమ్మల వల్ల నిజంగా మనసు కుదుటపడుతుందా అని అడిగేవాళ్ల కోసం ఒక సంగతి. 2016లో అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు 39 మంది పెద్దవాళ్లతో 45 నిమిషాలు బొమ్మలు గీయడమో, మట్టి పిసకడమో, కాగితాలు అంటించడమో చేయించారు. టెన్షన్ పడితే ఒంట్లో పెరిగే కార్టిసాల్‌ను ముందూ తర్వాతా వాళ్ల లాలాజలంలో కొలిచారు. దాదాపు ముప్పావు వంతు మందిలో అది తగ్గింది. బొమ్మలు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ పెద్ద తేడా లేదట. పోల్చి చూడటానికి ఊరికే కూర్చున్న ఇంకో జట్టు ఆ పరీక్షలో లేదు కాబట్టి వేదవాక్కుగా పట్టుకోనక్కర్లేదు. బొమ్మ బాగా రాకపోయినా ఫలితం వస్తుందన్న ముక్క మాత్రం నాకు ధైర్యం ఇచ్చింది.

సూదా, ముగ్గా

ఎంబ్రాయిడరీ మా తరం ఆడపిల్లలందరికీ ఎంతో కొంత వచ్చు. దిండు గలేబు మీద రెండు చిలకలు, మధ్యన ఇంగ్లీషులో గుడ్ నైట్. టీవీకి కూడా గౌను కుట్టి దానికి అంచు పూలు వేసిన రోజులవి. కాడకుట్టు, గొలుసుకుట్టు, ముడికుట్టు చేతికి ఇంకా గుర్తుంటాయి, పది నిమిషాల్లో తిరిగొస్తాయి. అదే దీని గొప్ప. బస్సులో, ఆసుపత్రి వరండాలో, కరెంటు పోయిన మధ్యాహ్నం వాకిట్లో, ఎక్కడైనా సాగుతుంది. మా అమ్మ ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో పదకొండు రోజులు నా చేతికి పనిచ్చింది ఈ సూదే. ఏం కుట్టానో కూడా చూసుకోలేదు. తర్వాత చూస్తే రుమాలు మొత్తం గొలుసుకుట్టు, బొమ్మ లేదు, వరసలే.

అయితే చత్వారం వచ్చిందా లేదా అన్నది ముందు చూసుకోండి. నలభై దాటిన కంటికి సూదిలో దారం ఎక్కించడమే ఒక పెద్ద పని. కళ్లద్దాలు సరిచేయించుకున్నాకే మొదలుపెట్టండి. నల్ల గుడ్డ మీద కుట్టొద్దు, తెల్ల లాంగ్‌క్లాత్ తీసుకోండి. దారంలో ఆరు పోగులుంటాయి, చిన్నప్పుడు రెండు పోగులతో కుట్టేవాళ్లం, ఇప్పుడు మూడు తీసుకోండి, కనపడుతుంది. రోజంతా కంప్యూటరు ముందుండే నాలాంటి వాళ్లకు దీన్ని రెండో స్థానంలో పెడతాను, కన్ను మళ్లీ దగ్గరి చూపులోనే చిక్కుకుంటుంది కాబట్టి.

ముగ్గు సంగతి వేరు. అది ఒంటితో చేసే పని. అంకెలతో విసిగిన నాకు చుక్కల లెక్క ఏం సుఖం అనుకున్నాను. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా. మధ్య వరస పదిహేను, అటూ ఇటూ ఒక్కోటి తగ్గుకుంటూ పోతే మొత్తం 169 చుక్కలు. చిత్రంగా ఇవి అలసట పెట్టే అంకెలు కావు. ఎవరికీ బాకీ లేని అంకెలు. మెలికల ముగ్గులో గీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలిసినప్పుడు మెడ వెనక నరం ఒకటి వదులైనట్టుంటుంది.

మోకాళ్లు, నడుము బాగుండాలి. అపార్టుమెంటు అయితే వాకిలి మూడడుగులు ఉంటుంది, ఏడు చుక్కలు నాలుగు వచ్చేదాకా వేస్తే అందులో పడుతుంది. లేదా డాబా మీద వెయ్యండి. ధనుర్మాసంలో మొదలుపెడితే ఎవరూ వింతగా చూడరు. మామూలు రోజుల్లో పెద్ద ముగ్గు వేస్తే "ఏందమ్మా, ఇంట్లో ఏమైనా శుభకార్యమా?" అని వాచ్‌మన్ దగ్గర నుంచీ అడుగుతారు. పొద్దున ఆరున్నరకల్లా పాలవాడు తొక్కేసి పోతాడు. తొక్కితే బాధపడే మనిషి అయితే ముగ్గు వద్దు.

మట్టి

చిన్నప్పుడు వినాయక చవితికి ముందు రోజు చెరువు గట్టు మట్టి తెచ్చి పిసికినవాళ్లం కదా అని ధైర్యం చేశాను. ప్రకాశం జిల్లా మనిషిని, ఏం చేస్తాను? ఒంగోలు గిత్తనే చేశాను. రెండు ఆదివారాలు కూర్చుని మూపురం, గంగడోలు, కొమ్ములు అన్నీ కుదిరాయి. తొందరగా ఆరాలని ఫ్యాను కింద పెట్టాను. మర్నాటికి కొమ్ములు రెండూ ఊడి కింద పడ్డాయి, సాయంత్రానికి మూపురం నిలువునా బీటలిచ్చింది. సన్నటి కొమ్ములు ముందు ఆరి కుంచించుకుంటాయి, లావు మూపురం లోపల ఇంకా తడిగానే ఉంటుంది. పైదీ లోపలిదీ ఒకేసారి ఆరకపోతే పగలక ఏమవుతుంది. బొమ్మ కడుపు నుంచి మట్టి తీసి గుల్ల చెయ్యాలి, తడి గుడ్డ కప్పి నీడలో నాలుగైదు రోజులు నెమ్మదిగా ఆరనివ్వాలి. ఈ ముక్క మాకు కుండలిచ్చే పెద్దాయన చెప్పాడు, చెప్పి నవ్వాడు కూడా. ఆయన ఆవంలో నా రెండో గిత్తను కుండల మధ్య పెట్టి కాల్చి ఇచ్చాడు. కాలని మట్టి బొమ్మ నీళ్లు తగిలితే కరిగిపోతుంది, కాబట్టి దాచుకోవాలంటే ఆవం తెలిసినవాళ్లను ముందు చూసుకోండి.

ఇల్లు పాడవుతుంది, గోళ్లలో మట్టి పోదు, సింకులో కడిగితే గొట్టం పూడుకుపోతుంది. ఇన్ని చెప్పి కూడా, కోపం ఎక్కువున్న మనుషులకు నేను మట్టినే చెబుతాను. మట్టిని గట్టిగా బాది పిసకాలి, లేకపోతే లోపల గాలి బుడగలు మిగిలి బొమ్మ బలహీనపడుతుంది. అంటే ఆ బాదడం కూడా పనిలో భాగమే. చేతులు మట్టిలో ఉన్నప్పుడు ఫోను ఎత్తలేం. దీన్ని మించిన లాభం నాకైతే కనిపించలేదు.

చెక్క పని కూడా అనుకున్నాను, ఉదయగిరి చెక్క స్పూన్లు చూసి. చేతి వంకరకు సరిగ్గా సరిపోయే గరిటెలు, చివర పళ్ల దువ్వెనంత సన్నటి నగిషీ. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చూశాక నాకు అర్థమైంది, అది తరాల చెయ్యి. నాలుగు గరిటెలు కొనుక్కుని వచ్చేశాను.

డబ్బు, టైము, చూసేవాళ్లు

పలక, బలపం వంద రూపాయల లోపు. సూది, దారం, రింగు, గుడ్డ మూడొందలు. కాగితంతో సహా నీటి రంగులు వెయ్యి దాకా. మట్టి చవకే, ఆటో ఖర్చే ఎక్కువ. మామూలు హార్మోనియం కొత్తది పదివేల చుట్టూ, పాతది సగానికి దొరకొచ్చు, కానీ తిత్తి గాలి ఆపుతోందో లేదో చూసే మనిషిని వెంట తీసుకుపోండి. వీణ సంగతి చెప్పాను కదా. ఏది కొన్నా మొదటి మూడు నెలలు అరువు తెచ్చుకోండి, అద్దెకు తీసుకోండి, పిల్లలది వాడుకోండి. ఖరీదైన వస్తువు కొంటే శ్రద్ధ వస్తుందని నేనూ అనుకున్నాను. రాదు. చూసినప్పుడల్లా తప్పు చేసినట్టుంటుంది, అంతే.

క్లాసులో చేరాలా, ఇంట్లోనే చేసుకోవాలా అంటే వీణకు, వేణువుకు క్లాసు. మిగతావాటికి మొదటి ఆరు నెలలు ఇంట్లోనే. నేను ఒక బొమ్మల క్లాసులో చేరాను, అంతా పదేళ్ల పిల్లలు. మాస్టారు వాళ్లకు చెప్పినట్టే నాకూ కొబ్బరిచెట్టు, కొండ, రెండు కాకులు గీయించారు. వాళ్లది తప్పు కాదు, అది పరీక్షల కోసం నడిచే క్లాసు. సాయంత్రం ఐదున్నరకు పరుగెత్తుకుంటూ వెళ్లి చేరడమే ఇంకో టెన్షన్ అయింది.

వేసింది వేసినట్టు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. నేను పెట్టాను. మొదటి రోజు నలభై మంది చూశారు, రెండో బొమ్మకు పన్నెండు మంది. ఆ పన్నెండు దగ్గర నా మనసు ఆగిపోయింది, మళ్లీ స్టీలు డబ్బా కథే. అలాగే "ఇంత బాగా కుడుతున్నావు, ఆర్డర్లు తీసుకో" అనేవాళ్లు తప్పకుండా వస్తారు. డబ్బు అవసరమైతే తీసుకోండి, అందులో నామోషీ లేదు. కాకపోతే అప్పుడది రెండో ఉద్యోగం అవుతుంది, మనసు తేలికకు మూడోదేదో వెతుక్కోవాలి.

నిద్రపట్టక, తిండి సయించక, వారాలకు వారాలు దేని మీదా మనసు పోని స్థితిలో ఉంటే మాత్రం ఈ కుంచెలూ పెట్టెలూ పక్కనపెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇవి మందుతో పాటు ఉండాల్సినవి.

మా ఆఫీసు అమ్మాయికి ఏం చెప్పాను

టీ టైములో ఆమెను అడిగాను, "చిన్నప్పుడు దేనికి తిట్లు తిన్నావు?" అని. కాసేపు ఆలోచించింది. వీణ వాళ్ల మేనత్త వాయించేదట, పెయింటింగ్‌లో జిల్లా స్థాయి సర్టిఫికెట్ వచ్చిందట. తిట్లు మాత్రం వేరేదానికి. కావలిలో వాళ్లింటి పక్కన భజన మందిరం ఉండేదట. అందరూ వెళ్లిపోయాక కిటికీలోంచి చెయ్యి దూర్చి అక్కడి హార్మోనియం మెట్లు నొక్కేదట. తిత్తి అందేది కాదు, కాబట్టి శబ్దం వచ్చేది కాదు. ఊరికే నొక్కేది. ఒకసారి చెయ్యి ఇరుక్కుపోతే పూజారి గారు వచ్చి తీసి, ఇంటికి తీసుకెళ్లి అప్పజెప్పారు.

రోజంతా మాట్లాడే మనిషికి పాడమని చెప్పను. కానీ వేళ్లు పలికించే పనిలో నోటికి సెలవే కదా. వీణ ఇస్తాను తీసుకో అందామనుకుని ఆగాను.

ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. మా నాన్న పెట్టె దించి తుడిచి పెట్టాను. మధ్య స్థాయిలో పంచమం మెట్టు నొక్కితే పైకి రావడం లేదు, పోయిన నవంబరు తేమకు ఉబ్బినట్టుంది. శనివారం లోపు పై చెక్క విప్పి దాన్ని కొంచెం గరుకు కాగితంతో రుద్దాలి.